అంబాసిడర్ బ్రేకు షూలు: పాత ఇనుమును తూకానికి అమ్మకండి

ప్రశ్న: మా నాన్నగారు 1972లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 కారు పదకొండేళ్లుగా కాకినాడలో మా ఇంటి వెనక షెడ్డులోనే ఉంది. ఇంజను ఈ మధ్యనే బాగు చేయించాను, స్టార్టవుతోంది. పని బ్రేకుల దగ్గర ఆగిపోయింది. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. షూలు పూర్తిగా పోయాయనీ, కొత్తవి తెస్తే గానీ పని సాగదనీ మెకానిక్ అంటున్నాడు. మూడు దుకాణాల్లో అడిగితే ఆ బండికి సామాను రావడం ఎప్పుడో మానేసిందన్నారు. ఒకాయన మాత్రం కంపెనీ పేరు లేని పెట్టెలో ఒక సెట్టు ఉంది, తీసుకోమంటున్నాడు. ఇంగ్లండు నుంచి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ షూలు తెప్పించుకోమని ఒక బంధువు, ఈ గొడవంతా ఎందుకు, డిస్కు బ్రేకులు పెట్టించెయ్యమని ఇంకొకరు చెబుతున్నారు. షెడ్డులో పెట్టకముందు బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగేది. అమ్మను ఆ కారులోనే అన్నవరం తీసుకువెళ్లాలని నా కోరిక. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: మీ ఉత్తరంలో లేని ఒక సంగతిని ముందుగా నేనే అడగవలసి వస్తోంది. విప్పిన పాత షూలు ఇప్పుడు ఎక్కడున్నాయి? మెకానిక్ దగ్గరే ఉంటే ఈరోజే వెళ్లి, చక్రానికి రెండేసి చొప్పున ఎనిమిదింటినీ లెక్కపెట్టి ఇంటికి తెచ్చుకోండి. పాత ఇనుప సామాను కొనేవాడి సంచిలోకి అవి వెళ్లిపోతే మీ పని నిజంగానే కష్టమవుతుంది. మీ చేతిలో ఉంటే మాత్రం మీరు అనుకుంటున్నంత కష్టం లేదు. ఎందుకంటే అరిగిపోయేది షూ కాదు, దాని మీద రివిట్లు కొట్టిగానీ అతికించిగానీ ఉంచిన లైనింగు. షెడ్డుల్లో దీనినే లైనర్ అంటారు. షూ అంటే, బ్రేకు తొక్కినప్పుడు చక్రంతోపాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడకు ఆనుకుని దాన్ని ఆపే అర్ధచంద్రాకారపు ఉక్కు పలక, దానికి వెన్నెముకలా అతికిన నిలువు రేకు, అంతే. బూటు అడుగు అరిగితే సోలు మార్పించుకుంటాం గానీ బూటును పారవేయము కదా. ఇక్కడ జరగవలసిందీ అదే. కాబట్టి మీరు ఊరూరా వెతకవలసింది కొత్త షూల కోసం కాదు, మీ పాత షూలకు మంచి లైనింగు వేసిపెట్టే చేతి కోసం.

దుకాణాలవాళ్లు లేదన్నది అబద్ధం కాదు. 1956లో ఇంగ్లండులో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారునే మనదేశంలో అంబాసిడర్‌గా తయారుచేశారు. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4, ఆపైన ఇంకా ఎన్నో రూపాలు వచ్చి, చివరికి 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయింది. పైకి చూస్తే యాభై ఏళ్లకు పైగా అదే గుండ్రటి బండి. లోపలి సామాను మాత్రం ఎన్నోసార్లు మారింది. దానికి తోడు, మీ కారు వయసున్న బండికి మధ్యలో ఏ డ్రైవరో, ఏ మేస్త్రీయో ఇంకో మోడల్ నుంచి యాక్సిలు గానీ, షూలు బిగించి ఉండే వెనక పలక అయిన బ్యాక్ ప్లేటు గానీ తెచ్చి బిగించి ఉండవచ్చు. అందువల్ల కౌంటరు దగ్గర నిలబడి "అంబాసిడర్ మార్క్ 2 షూలు ఉన్నాయా" అని అడగడం సగం ప్రశ్నే అవుతుంది. డ్రమ్ము లోపలి వ్యాసం ఎంత, షూ వెడల్పు ఎంత, షూ కొసలు ఏ ఆకారంలో ఉన్నాయి, స్ప్రింగు కన్నాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, షూకూ డ్రమ్ముకూ మధ్య ఎడం సరిచేసే అడ్జస్టరు బ్యాక్ ప్లేటు వెనక నుంచి తిప్పేదా, డ్రమ్ము కన్నంలోంచి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పేదా అన్నవి తెలిస్తేనే ప్రశ్న పూర్తవుతుంది.

డ్రమ్ములు మళ్లీ విప్పి చూడవలసి ఉంటుంది కాబట్టి, దానికి ముందు ఒక హెచ్చరిక. మీ బండి కాలపు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. డ్రమ్ములో పేరుకున్న ఆ నల్లటి పొడిని షెడ్డుల్లో కుర్రవాళ్లు గాలి పైపుతో ఉఫ్‌మని ఊదేస్తారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఆస్బెస్టోసిస్, క్యాన్సరు వంటి జబ్బులు ఎన్నో ఏళ్ల తరువాత బయటపడతాయి. మూతికి చేతిరుమాలు కట్టుకుంటే సరిపోదు. ఒక సీసాలో సబ్బునీళ్లు పోసి పిచికారీ చేసి, పొడి అంతా తడిశాక గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారవేయమనండి. గాలి పైపు తీస్తే పని ఆపించండి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

డ్రమ్ము తుప్పుతో పట్టేసి రాకపోతే ముందు అడ్జస్టరు వదులు చేయాలి, చేతి బ్రేకు దించాలి, తరువాత కొయ్య సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాలి. డ్రమ్ము పోత ఇనుముతో చేసింది. ఇనుప సుత్తితో బాదితే అంచు విరుగుతుంది, అప్పుడు షూల సంగతి పక్కన పెట్టి డ్రమ్ముల కోసం తిరగవలసి వస్తుంది. కారును జాకీ మీద మాత్రమే ఆపి ఉంచకండి, కింద స్టాండ్లు పెట్టించండి. ఒకేసారి అన్ని చక్రాలూ విప్పనివ్వకండి. ఒక్కో చక్రం విప్పినప్పుడే ఏ స్ప్రింగు ఏ కన్నంలో ఉందో రాసి పెట్టుకుంటే, తరువాత ఎవరూ వాదించుకోనక్కరలేదు. ఫోనుతో ఫొటోలు ఎలాగూ తీస్తారు.

ఇప్పుడు షూను చేతిలోకి తీసుకుని చూడండి. పాత లైనింగు తీసేశాక ఉక్కు పలక మీద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉందా, లేక పైపైన ఎర్రబడిందా చూడాలి. పైపై తుప్పు గీకితే పోతుంది, పొరలు లేచిన తుప్పు కొత్త లైనింగును కూడా కింద నుంచి ఎత్తేస్తుంది. రివిట్ కన్నాలు గుండ్రంగానే ఉన్నాయా, కోలగా సాగాయా? పలకకూ నిలువు రేకుకూ మధ్య వెల్డింగు చుక్కల దగ్గర సన్నటి చీలిక ఏమైనా ఉందా? సిలిండరు పిస్టనుకు ఆనే కొసలో గాడి పడిందా? షూను వేలికి వేలాడదీసి స్పానరుతో మెల్లగా కొడితే మంచిది గంటలా ఖంగుమంటుంది, చీలినది డొల్లగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్లు వేలితో కొట్టి చూసిన పరీక్షే ఇది. ఎనిమిదింటిలో ఒకటో రెండో పనికిరాకపోయినా దిగులు లేదు. విడి షూలు దొరకడం పూర్తి సెట్టు దొరకడం కంటే సులువు.

షూల కంటే ముందు డబ్బు పెట్టవలసినవి వీల్ సిలిండర్లు, అంటే బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో షూలను డ్రమ్ముకు నెట్టేవి. ఈ మాట మీ మెకానిక్ చెప్పలేదంటే నాకు కాస్త ఆశ్చర్యంగానే ఉంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పదకొండేళ్లు కదలకుండా ఉన్న బండిలో, అందులోనూ సముద్రపు గాలి తగిలే ఊళ్లో, ఆ తేమ సిలిండరు గోడలను తుప్పు పట్టించి ఉంటుంది. ఎంత మంచి లైనింగు వేయించినా, ఆ సిలిండరు నుంచి నాలుగు చుక్కల ఆయిల్ కారితే ఆ లైనింగు ఇక పనికిరాదు. నూనె తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి, మంటలో కాల్చి, ఎమెరీ పేపరుతో రుద్ది మళ్లీ బిగించడం కొన్ని షెడ్డుల్లో చూస్తుంటాం. వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. అది బాగుచేయడం కాదు, వాయిదా వేయడం. కాబట్టి సిలిండరు కొసనున్న రబ్బరు తొడుగు కొద్దిగా ఎత్తి తడి ఉందేమో చూడండి. సిలిండరు విప్పించి, లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటేనే కొత్త రబ్బరు కిట్టు వేయించండి, గుంటలు పడి ఉంటే సిలిండరే మార్పించండి. కడగడానికి బ్రేక్ ఆయిల్ గానీ స్పిరిట్ గానీ వాడాలి. పెట్రోలు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి చెడిపోతుంది. వెనక చక్రాల దగ్గర ఇంకో అనుమానం కూడా ఉంది. అక్కడి తడి బ్రేక్ ఆయిల్ కాకుండా యాక్సిల్ సీలు దాటి వచ్చిన గేర్ ఆయిల్ అయితే, అది చిక్కగా ఉండి ఘాటైన వాసన వేస్తుంది. అప్పుడు సీలు కూడా మార్చాలి.

బండి ఎడమకు లాగేదని రాశారు. అందరూ ఎడమ ముందు చక్రాన్ని విప్పి చూస్తారు గానీ, తప్పు చాలాసార్లు కుడి చక్రంలో ఉంటుంది. ఎడమ చక్రం తన పని తాను చేస్తోంది, కుడిది చేయడం లేదు, అందుకే బండి ఎడమకు తిరుగుతోంది. అంబాసిడర్ ముందు చక్రాలకు ఒక్కొక్క దానికి రెండేసి సిలిండర్లు ఉంటాయి. ముందుకు పోతున్నప్పుడు రెండు షూలనూ తిరుగుతున్న డ్రమ్మే తన లోపలికి లాక్కుంటుంది, కాలు పెట్టిన బలం దానివల్ల పెరుగుతుంది. కాలి బలానికి తోడయ్యే బూస్టరు లేని ఆ బరువైన బండి ఆగేది ఈ ఉపాయం వల్లే. కానీ బలంతోపాటు తేడా కూడా పెరుగుతుంది: ఒక వైపు షూకు కాస్త నూనె తగిలినా, ఒక పిస్టను పట్టేసినా, రెండు వైపులా వేరువేరు రకాల లైనింగులు వేసినా, ఆ చిన్న తేడా స్టీరింగు దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది. అందుకే ముందు రెండు చక్రాల నాలుగు షూలకూ ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి తీసిన లైనింగు వేయించాలి, వెనక రెండింటికీ అలాగే. కుడి వైపు సిలిండర్లతోపాటు అటువైపు రబ్బరు పైపును కూడా చూడండి. పైకి బాగున్నట్టే కనిపించే పాత పైపు లోపల వాచి, ఆయిల్‌ను చక్రం దాకా సరిగా పోనివ్వదు, పోయినదాన్ని త్వరగా వెనక్కి రానివ్వదు.

ఇక లైనింగు వేయించే సంగతి. కాకినాడలో, రాజమహేంద్రవరంలో లారీల సామాను అమ్మే వీధుల్లో లైనర్లు కొట్టేవాళ్లు ఉంటారు. అక్కడ కుదరకపోతే విజయవాడ ఆటోనగర్‌కు ఒక పూట వెళ్లిరండి. ఒకే ఆవరణలో లైనరు పనివాళ్లు, లేతు షాపులు, పాత సామాను దుకాణాలు అన్నీ ఉండే చోటు అది. షూలతోపాటు డ్రమ్ములు కూడా విప్పి తీసుకువెళితే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. వెళ్లినప్పుడు ఒక పొరపాటుకు మాత్రం ఒప్పుకోకండి. కారు లైనింగు లేదంటూ లారీ లైనరునే మీ షూ కొలతకు కోసి కొట్టిస్తామంటారు. లారీకి వేసేది గట్టి రకం. దాని మీద మోపే బలం వేరు, అది పట్టే వేడి వేరు. మీ కాలి బలంతో మాత్రమే నడిచే బ్రేకుకు దానిని వేస్తే పెడలు రాయిలా అవుతుంది, బండి ఆగదు, డ్రమ్ము మాత్రం అరిగిపోతుంది.

లైనింగు అంచున ముద్రించిన అక్షరాలలో చివరి రెండూ చూడండి. మొదటిది మామూలు వేడిలో దాని పట్టును, రెండోది బాగా వేడెక్కినప్పటి పట్టును చెబుతాయి. E (ఈ) అనే అక్షరం ఉంటే ఘర్షణ గుణకం, అంటే పట్టు కొలత, 0.25 నుంచి 0.35 వరకు, ఎఫ్ అని ఉంటే 0.35 నుంచి 0.45 వరకు అని అర్థం. మీ బండికి నేను అడిగేది ఎఫ్‌ఎఫ్. రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువ రకమైతే వేడి మీద పట్టు తగ్గుతుందని తెలుసుకోవాలి. చెన్నై కేంద్రంగా పనిచేసే రానే, సుందరం వంటి తెలిసిన కంపెనీల సరుకు, ఆస్బెస్టాస్ లేనిదని పెట్టె మీద రాసి ఉన్నది అడిగి తీసుకోండి. అక్షరాలే లేని లైనింగును, దుకాణదారు ఎంత మంచి మనిషి అయినా, తీసుకోవద్దు.

అతికించడం మంచిదా, రివిట్లు మంచివా అని మీరు అడగలేదు, అయినా ఆ ప్రశ్న అక్కడ మిమ్మల్ని అడుగుతారు. అతికించిన లైనింగు చివరిదాకా వాడుకోవచ్చు, డ్రమ్మును గీరదు. అయితే షూను ఇసుకతో పూర్తిగా శుభ్రంచేసి, జిగురు రాసి, బిగించి, సరైన వేడిలో ఉంచే ఓవెను ఉన్న చోట మాత్రమే ఆ పని చేయించాలి. మామూలు జిగురుతో, క్లాంపు పెట్టి ఎండలో ఆరబెట్టి ఇస్తామనేవాళ్ల దగ్గర మాత్రం చేయించవద్దు. లైనింగు ఊడి షూకూ డ్రమ్ముకూ మధ్య ఇరుక్కుంటే చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. మన ఊళ్లలో రివిట్ల పనే నమ్మకమైనది. రివిట్లు మధ్య కన్నం దగ్గర మొదలుపెట్టి ఇటొకటి అటొకటిగా కొసలవైపు కొట్టుకుంటూ పోవాలి. కొసల నుంచి మొదలుపెడితే మధ్యలో లైనింగు బొబ్బలా లేచి ఉంటుంది. పని అయ్యాక షూను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, పలకకూ లైనింగుకూ మధ్య సందులోంచి కాంతి ఎక్కడైనా కనబడుతుందా చూడండి. సందు కొలిచే సన్నటి రేకు, అంటే ఫీలరు గేజి, ఎక్కడా దూరకూడదు.

రివిట్ తల లైనింగు ఉపరితలం కంటే బాగా లోపలికి ఉండాలి. ఇది నాకు నష్టంతో తెలిసిన సంగతి. కొన్నేళ్ల కిందట నా పాత బండికి ఒక దుకాణంలో షూలు ఇచ్చి, సాయంత్రం వెళ్లి తెచ్చుకుని, చూడకుండానే బిగించాను. అంతకుముందు రోజే డ్రమ్ములు లేతు మీద తిప్పించి, లోపలి గోడ నున్నగా కోయించాను కూడా. వారం తిరగకముందే ముందు చక్రంలో సన్నగా కీచుమనే చప్పుడు మొదలైంది. విప్పి చూస్తే డ్రమ్ము లోపల గ్రామఫోను రికార్డు మీద గీతల్లాగా మూడు వలయాలు, షూ మీద మూడు వరసల్లో మెరుస్తున్న ఇత్తడి తలలు. కన్నాలను తగినంత లోతుగా తొలవలేదు. లేతు ఖర్చు మళ్లీ పెట్టుకోవడం ఒక ఎత్తు. రెండోసారి తిప్పించడం వల్ల డ్రమ్ములో తరిగిపోయిన మందం ఇంకో ఎత్తు, అది ఎవరూ తిరిగి ఇవ్వలేనిది. అప్పటి నుంచి షాపులోనే ప్రతి రివిట్ మీదా గోరు పెట్టి చూసుకుంటాను. వాడకంలో కూడా లైనింగు రివిట్ తలకు ఒకటిన్నర మిల్లీమీటర్ల దగ్గరకు వచ్చిందంటే మార్చే వేళ అయినట్టే.

డ్రమ్ములను తప్పనిసరిగా తిప్పించాలని లేదు. లోపల వేలు పెట్టి రాస్తే గోరు గాడిలో పడుతుంటేనో, రెండు దిక్కుల్లో కొలిస్తే వ్యాసం తేడాగా ఉంటేనో మాత్రం తప్పదు. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం ముద్రించి ఉంటే అదే హద్దు. ముద్ర లేకపోతే ఈ పరిమాణపు డ్రమ్ముల విషయంలో అసలు వ్యాసం మీద మొత్తం ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి పోవద్దని లేతు మేస్త్రీకి చెప్పండి. ఎడమ డ్రమ్ము ఎంత తీస్తే కుడిది కూడా అంతే తీయాలి.

తిప్పిన డ్రమ్ము లోపలి వంపు కాస్త పెద్దదవుతుంది, కొత్త లైనింగు వంపు పాత కొలతకే ఉంటుంది. ఈ రెండూ కలిశాయో లేదో తేల్చడానికి ఒక సుద్దముక్క చాలు. డ్రమ్ము లోపల చుట్టూ సుద్ద రాసి, షూను చేత్తో ఆనించి రెండంగుళాల మేర అటూ ఇటూ జరిపి తీయండి. లైనింగు మీద తెల్లటి మరక మధ్యలో పడి, కొసల దగ్గర కొద్దిగా వదిలిందంటే మంచిదే, నడుస్తూ ఉంటే అదే సర్దుకుంటుంది. మరకలు రెండు కొసల్లోనే పడి మధ్య ఖాళీగా ఉంటే ఆ షూ బ్రేకు వేసినప్పుడల్లా కొరికినట్టు పట్టుకుంటుంది, కూత కూస్తుంది. దానిని గ్రైండింగుకు వెనక్కి పంపాలి. లైనింగు రెండు కొసల అంచులనూ ఆకురాయితో ఏటవాలుగా కొద్దిగా తీయించండి. ఈ చిన్న పనికి చాలామంది బద్ధకిస్తారు, తరువాత నెలల తరబడి కూత భరిస్తారు.

నిజంగానే ఒకటి రెండు షూల ఇనుము పనికిరాకపోతే అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. ఆటోనగర్ తరువాత హైదరాబాదులో పుత్లీబౌలి, సికింద్రాబాదు రాణిగంజ్, చెన్నైలో కొత్త సామానుకు జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పాత సామానుకు పుదుపేట చూడదగ్గవి. కోల్‌కతా పసుపుపచ్చ ట్యాక్సీలు ఎన్నో ఏళ్లపాటు అంబాసిడర్లే కాబట్టి అక్కడి మల్లిక్ బజారులో ఈ బండి సామాను మిగిలి ఉండే అవకాశం ఇంకా ఎక్కువ. ఆ ఊళ్లో తెలిసినవాళ్లుంటే వాళ్లకు పని అప్పగించండి. ఎవరికైనా సరే, పేరు చెప్పి పంపకండి. షూను మందపాటి అట్ట మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి, ప్రతి కన్నాన్నీ గుర్తించి, వెడల్పు, లైనింగు లేకుండా పలక మందం ఆ అట్ట మీదే రాసి, దాని ఫొటోను పక్కన స్కేలు పెట్టి తీసి పంపండి. మీరే స్వయంగా వెళితే పాత షూనే వెంట తీసుకువెళ్లి, కొత్తదాని వీపుకు పాతదాని వీపు ఆనించి చూడండి. కొసలు కలిసి, వంపు కలిసి, ఒక్క స్ప్రింగు కన్నం మాత్రం అరంగుళం పక్కన ఉండటం నేను చూశాను. "సర్దుకుంటుందండీ" అన్నాడు కౌంటరు మీది మనిషి. స్ప్రింగు ఆ కన్నంలో పడితే షూను వంకరగా లాగుతుంది, లైనింగు ఒక అంచునే అరుగుతుంది. బ్రేకులో సర్దుకునేది ఏదీ ఉండదు.

ఆ పేరు లేని పెట్టె సంగతి కూడా ఇలాగే తేల్చండి. షూలు అట్టకు సరిపోతే, ఇనుము గట్టిదైతే, ధర తక్కువైతే తీసుకోండి. కానీ వాటి మీద ఉన్న లైనింగుకు ఏ విలువా కట్టకండి. ఎన్నేళ్లు ఏ గోదాములో ఉందో, దానిలో ఏముందో తెలియని లైనింగు అది. జిగురుతో అతికించినదైతే జిగురు ఎండిపోయి ఉండవచ్చు. పీకించి కొత్తది వేయించుకునే లెక్కతోనే బేరమాడండి. ఇంగ్లండు షూల విషయంలోనూ అట్ట పరీక్షే. పుట్టుక మోరిస్‌దే అయినా ఇక్కడ జరిగిన మార్పుల వల్ల సరిపోతాయని ముందే అనుకోవడానికి లేదు. రవాణా, కస్టమ్స్ సుంకం కలిపితే అయ్యే ఖర్చుతో మీ ఎనిమిది షూలకూ లైనింగు వేయించి, సిలిండర్లు కూడా మార్పించవచ్చని నా అంచనా.

డిస్కు బ్రేకుల సలహా ఇచ్చినవారు శ్రేయోభిలాషులే. తరువాతి కాలపు అంబాసిడర్లకు ముందు డిస్కులు వచ్చిన మాట నిజం. అయితే ఆ మార్పుకు హబ్బులు, పెడలు తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరు, ఒక్కోసారి బూస్టరు కూడా కావాలి. దొరికిన సామానుతో దొరికినట్టు బిగిస్తే ముందు చక్రాలు ఒకలా, వెనకవి ఒకలా పట్టి, తడి రోడ్డు మీద బండి అదుపుతప్పి గిర్రున తిరిగే పరిస్థితి వస్తుంది. ఇంకో విషయం, యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునే వీలును కేంద్రం 2021 జులైలో కల్పించింది. బండి అసలు రూపంలో ఉండాలన్నది అందులో షరతు. మీ కారు ఆ వయసుకు వచ్చేసింది. సరైన స్థితిలో ఉన్న డ్రమ్ములు మీరు నడపబోయే వేగానికి చాలు.

బిగించేటప్పుడు పాత స్ప్రింగులను మళ్లీ వాడనివ్వకండి; సాగిన స్ప్రింగు షూను వెనక్కి లాగదు, డ్రమ్ము ఎప్పుడూ వేడిగా ఉంటుంది. షూ ఆని జరిగే చోట్ల బ్యాక్ ప్లేటు మీద వేడికి కరగని గ్రీజును అగ్గిపుల్ల కొనతో రాసినంత రాయాలి. వెనక సిలిండరు బ్యాక్ ప్లేటు గాడిలో జరిగే రకమైతే అది చేత్తో నెడితే కదలాలి; పట్టేసి ఉంటే రెండు షూలలో ఒకటే పనిచేస్తుంది. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే ఆయిల్ దారి కాబట్టి ఎక్కడ ఒక్క చోట కారినా బ్రేకు మొత్తం పోతుంది. అందువల్ల ఉక్కు పైపులను చివరిదాకా వేళ్లతో తడిమి, తుప్పుతో ఉబ్బిన చోటుంటే మార్పించండి, మాస్టర్ సిలిండరు రబ్బర్లు కూడా కొత్తవి వేయించండి. పాత ఆయిల్ అంతా వదిలేసి, మూత తీయని డబ్బా నుంచి డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ పోసి, మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గాలి తీయాలి. అడ్జస్టరును చక్రం చేత్తో తిరగనంతగా బిగించి, పెడలు రెండుసార్లు గట్టిగా తొక్కి, మళ్లీ బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా మాత్రమే వదులు చేయాలి. చేతి బ్రేకు తీగను ఇదంతా అయ్యాకే సరిచేయాలి. దానిని ముందే బిగిస్తే వెనక షూల సర్దుబాటు తప్పుతుంది.

కొత్త లైనింగు మొదటి రోజే పూర్తిగా పట్టదు. మొదటి రెండు వందల కిలోమీటర్లు ఊళ్లోనూ, రద్దీ లేని రోడ్ల మీదా నడపండి. నలభై, యాభై వేగం నుంచి మెల్లగా ఇరవైకి తగ్గించడం, కాస్త చల్లారనిచ్చి మళ్లీ తగ్గించడం, ఇలా చేస్తూ ఉంటే లైనింగు డ్రమ్ము వంపుకు అరుగుతుంది. పెడలు మీద కాలు ఆనించి ఉంచకండి. పెడలు కొంచెం కిందికి దిగినట్టు అనిపిస్తుంది, అప్పుడు ఇంకొకసారి అడ్జస్టు చేయించండి. ప్రయాణం తరువాత నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచేయి పెట్టి, తగలకుండా, వేడి చూడండి. ఒకటి మిగతావాటికంటే మరీ వేడిగా ఉంటే అక్కడ షూ రాసుకుంటోంది. ఒకటి చల్లగా ఉండిపోతే అది పనిచేయడం లేదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగును వదులుగా పట్టుకుని బ్రేకు వేసి, ఎడమకు లాగడం పోయిందో లేదో నిర్ధారించుకున్నాకే అమ్మగారిని ఎక్కించుకోండి.

అన్నవరం దాకా హైవే మీద మీ బండికి ఇబ్బంది లేదు. రత్నగిరి ఘాటు ఎక్కడమూ సమస్య కాదు, దిగడం దగ్గరే జాగ్రత్త. దిగువ మొదలయ్యే ముందే రెండో గేరులో వేసి, ఇంజను పట్టు మీద దిగండి. మలుపుకు ముందు ఒకసారి గట్టిగా తొక్కి వదిలేయండి, దిగినంత సేపూ తొక్కి పట్టుకోకండి. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పెడలు లోతుకు పోతుంది. కాలిన వాసన వస్తే వీలైన చోట పక్కకు ఆపి పావుగంట చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి, వేడి పోత ఇనుము పగులుతుంది. ఆపినప్పుడు చేతి బ్రేకు మీదే వదిలేయకుండా గేరులో ఉంచి, చక్రానికి ఒక రాయి అడ్డం పెట్టండి.